బూడిద గుంట

నాలుగో రెలుపు ఆకు బ్యారన్‌లో ఉంది.
నూట నలభై దాటించి
ఈనె ఆరబెట్టే రాత్రి.
సరుగుడు మొద్దు పొయ్యిలోకి నెడుతూ వంగితే
బూడిద గుంటలోంచి ఏదో వాసన.

పొగాకు వాసన నాకు తెలుసు,
పచ్చిదీ, పండిందీ, మాడిందీ.
ఇది అది కాదు.
తుప్పు మేకు నోట్లో పెట్టుకున్నట్టు,
చేపల గంప మూడ్రోజులు మూసిపెట్టినట్టు.
టార్చి వేశాను.
చిక్కుడు గింజంత నల్ల ముక్కు.
దాని వెనక, బూడిద మీద
జారుగా, ఎర్రగా, నెత్తురు.

నిన్న నా చెప్పు ఉంగటం కొరికింది ఇదే.
రెండు నెలలు నిండలేదు.
గుంటలో పుట్టాడని బూడిదోడు అన్నాం.

మాల్యాద్రన్న లేచి దానిమ్మ తొక్క నూరమన్నాడు.
గుమస్తా తన జేబులో మాత్ర సగం విరవబోయాడు.
ఎవరి కడుపుకి పట్టిన మందు వాళ్ళు చెప్పారు.
నేను మాత్రం నా నేరం వెతుక్కుంటున్నా.
ఆదివారం నేను విసిరిన కోడి ఎముకా?
కర్రకి ఆకు అల్లేటప్పుడు రాలిన పచ్చాకు నమిలాడా?
ఎలకలకని షెడ్డులో పెట్టిన బిళ్ళా?

'ఇప్పుడు పొయ్యి వదిలితే
ఆకంతా పాడైపోద్దిరా' అన్నాడు రైతు ఫోన్లో.
లోపల లక్షల సరుకు.
గోనెసంచిలో అరకిలో ప్రాణం.
జ్యోతమ్మ కిటికీ దగ్గరికొచ్చి
లోపలి థర్మామీటరు మీద టార్చి వేసింది.
'నేను చూడలేనా డిగ్రీలు?
పదేళ్ళుగా చూస్తానే ఉన్నా.
నువ్వడగలేదు, నేను చెప్పలేదు.
పో.'

టంగుటూరు పశువుల ఆసుపత్రి గుమ్మంలో
తెల్లారేదాకా కూర్చున్నా.
సలోమి డాక్టరమ్మ పెదవి ఎత్తి చూసింది,
చిగుళ్ళు సున్నం కొట్టిన గోడ.
మెడ మీద తోలు పట్టి వదిలితే
పట్టిన చోటే నిలబడింది.
జ్వరం నూట నాలుగు.
నా బ్యారన్‌లో అయితే అది ఇంకా ఆకు పసుపెక్కే వేడి.

పుల్లతో మలం తీసి, బిళ్ళ మీద చుక్కలేసింది.
పది నిమిషాలు.
రెండు గీతలు.

'పార్వో. నీ ఎముక కాదు.
ఆకైతే చొంగ కారేది, వణికేవాడు.
కొంకి పురుగులు కూడా ఉండొచ్చు,
తల్లి పాలల్లోనే వస్తాయి, వాటి సంగతి తర్వాత.
టీకా వేయించారా?'
'బ్యారన్ కుక్కకి టీకా ఏందమ్మా' అన్నా.
ఆమె ఏమీ అనలేదు.
సూది కోసం ముంగాలి మీద బొచ్చు గొరుగుతూ ఉంది.

'ఇది తగ్గడానికి మందుందా?'
'ఆ పురుగుని చంపేదైతే లేదు.
ఒంట్లో నీళ్ళు పోకుండా చూడాలి,
వాంతి ఆపాలి, వెచ్చగా ఉంచాలి.
మనుషుల మాత్రలు వెయ్యొద్దు.
మిగతాది వాడే కొట్లాడుకోవాలి.
మనం కాపలా.'

కాపలా అంటే నాకు తెలుసు.
సెలైను చుక్క చుక్కకీ మధ్య
ఎంతసేపు ఊపిరి బిగబట్టాలో కూడా
ఆ పొద్దు తెలిసింది.

రోజూ పొద్దున గోనెసంచి, ఆటో, సీసా.
రాత్రి గోరువెచ్చని నీళ్ళ బాటిలుకి తువ్వాలు చుట్టి పక్కన పెట్టడం.
వాంతి ఆగాక స్పూనుతో గంజి తేట.
వాడి చెల్లెలు మూడో రోజుకే పోయింది.
దాన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళే లోపే.
దాని గురించి ఇంకేమీ రాయలేను.

ఆరో రోజు బ్యారన్ దించాం.
ఆకు నిమ్మపండు రంగు తిరిగింది,
జ్యోతమ్మ చేతి పొయ్యి.
రైతు వచ్చి మెచ్చుకుంటూ ఉంటే
నేను షెడ్డు వెనక నుంచి కేకేశా:
'జ్యోతమ్మా, ఇట్రా, చూడు!'
ఆమె ఉరికొచ్చింది.
ఇద్దరం వంగి చూశాం,
గట్టిగా, మట్టి రంగులో,
వేలెడంత.
ఇంత అందమైనది ఈ సీజన్లో చూళ్ళేదంది.

బ్లీచింగ్ నీళ్ళతో గచ్చు కడిగాం,
గిన్నె కడిగాం, గోనెసంచి కాల్చేశాం.
నేలలోది మాత్రం కడిగితే పోదంట,
ఏడాదైనా కాసుకుని ఉంటదంట.
అందుకని చిల్లకంప కొట్టుకొచ్చి
గుంట మీద అడ్డంగా పరిచా.

సాయంత్రం తల్లి వచ్చింది.
కంప చుట్టూ రెండుసార్లు తిరిగి,
ముళ్ళ మధ్య ముక్కు దూర్చి,
కాసేపు అట్టాగే నిలబడింది.
నేను పొయ్యి వైపు తిరిగి
లేని మొద్దుని నెడుతున్నా.